ఇనుపజెట్టి నాలుగో వేలు

మార్చి 2, సోమవారం

మోటార్లు మూడు. పిండిమర మోటారు పూర్తిగా కాలింది, మళ్లీ చుట్టాలి. మిగతా రెండూ నీళ్ల పంపులవి, బేరింగులు మారిస్తే చాలు.

పిండిమర ఓనరు మోటారు దించి ఊరికే పోలేదు. ఫోను నా ముక్కు ముందు పెట్టి, మీ బావ పెద్ద మనిషైపోయాడయ్యా, చూడు అన్నాడు. చూశాను. వీడియో పన్నెండు నిమిషాలు. బావ నీలం కోటు వేసుకుని కూర్చున్నాడు. కింద అక్షరాలు: ‘ఇనుపజెట్టి’ గేమ్ సృష్టికర్త.

ముప్పై నాలుగేళ్ల కిందటి గేము. పాత గేములు ఆడేవాళ్లు ఇప్పుడు దాన్ని తవ్వి తీశారట. రెట్రో అంటారట. కారు గ్యారేజీలో విడిభాగాలు చూస్తుంటే బావకు ఆ ఆలోచన తట్టిందట. తల, చేతులు, కాళ్లు, ఆయుధం విడివిడిగా ఎంచుకుని, మనకు కావలసిన రోబోను మనమే బిగించి కొట్లాటకు దింపడం ఆ రోజుల్లో ఎవరూ ఊహించలేదట. మొత్తం తనే రాశాడట. ఇంట్లోవాళ్ల సహకారం గురించి అడిగితే, మా ఆవిడ వేళకి టీ ఇచ్చేదండీ, అది లేకపోతే నేను లేను అని నవ్వాడు.

ఆ ఆవిడ మా అక్క.

నా పేరు రాలేదు. రాదని తెలుసు. తెలిసి కూడా పన్నెండు నిమిషాలూ చూశాను. నీకూ కంప్యూటర్లు తెలుసుగా, మరి అప్పుడు నువ్వేం చేసేవాడివి అని అడిగాడు పిండిమర ఓనరు. మోటారు రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్లు అన్నాను.

అరికాలి మంట నెత్తికెక్కింది. చుడుతుంటే తీగ రెండుసార్లు తెగింది. నా చేతిలో తీగ తెగి ఎన్నేళ్లయిందో.

మార్చి 3, మంగళవారం

మోటార్లు రెండు. ఎవరితోనూ మాట్లాడలేదు.

మార్చి 5, గురువారం

ఎవరికీ చెప్పను కాబట్టి ఇక్కడ రాసుకుంటాను.

బావకు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నాలుగు మెషీన్లు. మెషీన్లు ఆయనవే, గది ఆయనదే. అబద్ధం ఎందుకు. నేను అప్పటికే మోటార్లు చుట్టేవాణ్ణి. పదో తరగతితో నా చదువు సరి. ఆయన బీరువాలో ఉన్న మాన్యువల్ తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా వెతుక్కుంటూ ప్రోగ్రామ్ రాయడం నేర్చుకున్నాను. స్టూడెంట్లు తొమ్మిదికి వచ్చేవాళ్లు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా మెషీన్ నాది. పద్నాలుగు నెలలు అలా గడిచాయి.

మొదట రాసిన గేములో ఒకే రకం రోబో. అటొకటి, ఇటొకటి నిలబడి గుద్దుకునేవి. రెండు నిమిషాల్లో విసుగొచ్చేది. అక్క టీ తెచ్చి (అవును, టీ తెచ్చేది) కాసేపు చూసింది. ఒరే, ఇవేం రోబోల్రా, రెండూ ఒకే తానులో ముక్కల్లా ఉన్నాయి అంది. చొక్కా కుట్టేటప్పుడు ఒళ్లు వేరే కత్తిరిస్తాం, చేతులు వేరే కత్తిరిస్తాం, చంక కొలత ఒకటే ఉంచితే ఏ చేతినైనా ఏ ఒంటికైనా అతకొచ్చు, మీ మెషీనుకి ఆపాటి పని చేతకాదా అంది.

గేమంటే అదే. గ్యారేజీ కాదు. చంక కొలత.

అక్క ఎంబ్రాయిడరీ చేసేది. గళ్ల కాగితం మీద పూలు, పిట్టలు గీసి, గళ్లు లెక్కపెట్టి గుడ్డ మీద కుట్టేది. అదే కాగితం మీద రోబోలు గీసింది. వెడల్పు పదహారు గళ్లు, ఎత్తు ఇరవై నాలుగు. భుజం ఎప్పుడూ ఏడో వరుసలోనే. తలలు ఎనిమిది, చేతుల జతలు పన్నెండు, కాళ్ల జతలు తొమ్మిది. అన్నిటికీ తనే పేర్లు పెట్టింది. బోర్లించిన బిందె తల. నత్తకాళ్లు. పట్టకారు చేయి. సుత్తి చేయి. బిందె తలకి నత్తకాళ్లు తగిలించి, పాపం మా పెద్దమామయ్యలా ఉందిరా అని పొట్ట పట్టుకుని నవ్వేది.

ఒక్కో వరుసలో నిండిన గళ్ల నంబర్లు అక్క చదివేది. నేను మెషీన్‌లోకి కొట్టేవాణ్ణి. కుడి చేతిలో ఆయుధం. ఎడమ చేయి ఖాళీగా, వేళ్లు చాచి ఉంటుంది. తెర మీద ఆ ఎడమ చేతికి బొటనవేలు కాకుండా మూడే వేళ్లు. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

ఫ్లాపీలు బావ అమ్మాడు. బాగా పోయాయి. మొదటి తెర మీద మా పేర్లుండేవి. రెండో విడత ఫ్లాపీల్లో బావ పేరొక్కటే ఉంది. ఫ్యాను బాగుచేయడానికి వేరే ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లినప్పుడు చూశాను. నిచ్చెన మీద నిలబడి చూశాను. ఫ్యాను బిగించి దిగి వచ్చేశాను. బావను అడగలేదు. పొద్దున ఆరింటికి వెళ్లడం మానేశాను. ఎందుకు మానేశావని ఆయనా అడగలేదు.

సొమ్మొకడిది, సోకొకడిది.

మార్చి 8, ఆదివారం, ఉదయం 11

ఇప్పుడే బావ వచ్చి వెళ్లాడు. షాపుకి ఆయన రావడం తొమ్మిదేళ్ల తర్వాత.

తీగ చుట్టల మీద కూర్చోబోయి, కోటు గుర్తొచ్చి నిలబడిపోయాడు. ఏమోయ్ బావమరిదీ, చిక్కిపోయావేంటి అన్నాడు. నేను చిక్కిపోయి ఇరవై ఏళ్లయింది.

ఈ నెల 29న పాత గేముల ప్రదర్శన ఉందట. పెద్ద తెర మీద ఇనుపజెట్టి ఆడిస్తారట. ఆయన వేదిక మీద మాట్లాడాలట. తర్వాత గేమును మళ్లీ విడుదల చేస్తారట. చిక్కేంటంటే ఆయన దగ్గరున్న ఫ్లాపీలన్నీ బూజు పట్టాయి. బయట తిరిగేవి సగం చెడిపోయిన కాపీలు. అసలుది నీ దగ్గర ఉండే ఉంటుందిలే, నువ్వు గుండుసూదైనా పారెయ్యవు అన్నాడు. నా పరువు నీ చేతిలో ఉందోయ్ అన్నాడు. ఏనాడూ అననివాడు, నువ్వు అప్పట్లో కొంచెం హెల్ప్ చేశావు కదా అని కూడా అన్నాడు.

కొంచెం.

వెళ్లబోతూ ఇంకో సంగతి చెప్పాడు. ఎడమ చేతి మూడు వేళ్ల మీద జనం పేజీలకు పేజీలు రాస్తున్నారట. మూడువేళ్ల రహస్యం అని పేరు కూడా పెట్టారట. యంత్రం ఎంత ఎదిగినా మనిషికంటే ఒక వేలు తక్కువే, అది చెప్పాలనే అలా పెట్టాను అన్నానోయ్, చప్పట్లే చప్పట్లు అన్నాడు. తర్వాత నా భుజం తట్టి, మనలో మన మాట, మీ అక్కకి లెక్క రాదని వాళ్లకి చెప్పలేంగా అని పకపకా నవ్వాడు.

ఆ మాట వాళ్లింట్లో ముప్పై నాలుగేళ్ల జోకు. చుట్టాలొచ్చినప్పుడు గ్లాసు ఒకటి తక్కువ తెచ్చినా, భోజనాల దగ్గర విస్తరి తక్కువైనా, ఈవిడకి నాలుగు దాకా లెక్క రాదండీ అంటాడు. అందరూ నవ్వుతారు. అక్క కూడా నవ్వుతుంది. నేను నీళ్లు తాగుతాను.

చూద్దాం అన్నాను.

మార్చి 9, సోమవారం

చూద్దాం అన్నానట! చెంప పగలగొట్టాల్సింది. ఆయనదో, నాదో.

మోటార్లు ఒకటి.

మార్చి 11, బుధవారం

అక్క ఫోన్ చేసింది. ఇచ్చెయ్యరా, ఆ పాత ఇనుము నువ్వేం చేసుకుంటావు, ఈయన ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు, నేను వేగలేకపోతున్నాను అంది.

అక్క మీద కూడా మండింది. వీడియో చూశావా అన్నాను. చూశానంది. టీ ఇచ్చేదానివట కదా అన్నాను. ఇచ్చేదాన్నిగా అంది. చంక కొలత మాట ఏమైంది అన్నాను. ఆ అవతల ఎవరో తలుపు కొడుతున్నారు అంది. ఎవరూ కొట్టడం లేదు. నాకు వినబడదా.

పెట్టేసే ముందు మాత్రం, ఒరే, ఆ గళ్ల కాగితాలు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. ఎందుకని అడిగితే, ఊరికే అంది.

మార్చి 14, శనివారం, సాయంత్రం 4.20

పాత మెషీన్ అటక మీంచి దించాను. నాలుగు రోజులు పట్టింది. ఫ్లాపీ డ్రైవు బెల్టు జిగురైపోయి వేళ్లకు అంటుకుంది. టేప్‌రికార్డర్ బెల్టు కొలతకు కోసి అతికించాను. ఫ్లాపీని చదివే హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచాను. డ్రైవులో మోటారు చిన్నది, బొటనవేలంత. మోటారు మోటారే. నా మాట వింది.

నా కోపం ఇది: మొదటి తెర ఫోటో తీస్తాను. అందులో నా పేరుంటుంది. ఆ ఫోటో బావకు కాదు, ప్రదర్శన వాళ్లకే పంపుతాను. కోటు వేసుకుని కూర్చోమను అప్పుడు.

గేము తెరుచుకుంటోంది.

సాయంత్రం 5.10

మొదటి తెర మీద రెండు పేర్లున్నాయి. బావ పేరు. దాని కింద నా పేరు.

అక్క పేరు లేదు.

ఎవరూ తీసెయ్యలేదు. ఇది నా ఫ్లాపీ, నా చేత్తో కొట్టిన అక్షరాలు. అక్క పేరు కొట్టలేదు. ఎందుకు కొట్టలేదని ఇరవై నిమిషాలు ఆలోచించాను. కారణం ఏమీ లేదు. తట్టలేదు, అంతే. బావ నా పేరు కొట్టేశాడని ముప్పై నాలుగేళ్లు పళ్లు కొరుక్కున్నాను. ఆయనకు కొట్టెయ్యడానికి నా పేరైనా దొరికింది. అక్కది దొరకలేదు.

ఇంకా ఉంది. రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు.

ప్రోగ్రామ్‌లో నూట డెబ్బయ్యో లైను. పదిహేను దాటితే వదిలెయ్.

అక్క గళ్లు ఒకటి నుంచి లెక్కపెడుతుంది. కుట్టుపని వాళ్లంతా అంతే, ఒకటి నుంచి పదహారు. మెషీన్‌కు సున్నా నుంచి పదిహేను. నాకూ సున్నా నుంచే అలవాటు. తీగ చుట్టే మెషీన్ మీద కౌంటర్ మొదటి చుట్టుకు ముందు సున్నా చూపిస్తుంది. లోకమంతా అలాగే లెక్కపెడుతుందనుకున్నాను. అక్క చదివిన నంబర్లు ఉన్నవి ఉన్నట్టు కొట్టాను. బొమ్మంతా ఒక గడి కుడికి జరిగింది, ఎవరికీ తెలియలేదు. పదహారు అన్నప్పుడు మాత్రం మెషీన్ ఎర్రర్ చూపించి ఆగింది. ఎందుకు ఆగిందో చూడలేదు. తొమ్మిదవుతోంది, స్టూడెంట్లు మెట్లెక్కుతున్నారు. దాటితే వదిలెయ్ అని ఒక లైను రాశాను. మెషీన్ వదిలేసింది. ప్రతి ఎడమ చేతికీ చివరి వేలు ఉండేది ఆ పదహారో గడిలోనే.

తెర మీద చూడగానే, ఒరే, వేలొకటి తగ్గింది అంది అక్క. నువ్వే గీయలేదేమో అన్నాను. కాగితం తీసి చూడలేదు. బావ పక్కనే ఉన్నాడు. ఆ జోకు పుట్టింది అప్పుడే. దాన్ని కన్నది నేను, పెంచింది ఆయన.

వారం తర్వాత తప్పెక్కడుందో తెలిసింది. అప్పటికే ఫ్లాపీలు వెళ్లిపోయాయి. తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

మార్చి 15, ఆదివారం

షాపు తీయలేదు.

మార్చి 17, మంగళవారం

బావ కోటు సరిచేయించుకోవడానికి దర్జీ దగ్గరికి వెళ్లే వేళ చూసుకుని అక్క ఇంటికి వెళ్లాను. వంటింట్లో బల్ల మీద గళ్ల కాగితాలు పరిచాను. అంచులు పసుపుపచ్చగా అయ్యాయి, గీతలు అలాగే ఉన్నాయి. పైన ఎర్ర పెన్సిల్‌తో ఒకటి నుంచి పదహారు దాకా అక్క అంకెలు.

అక్క కళ్లజోడు పెట్టుకుంది. పట్టకారు చేయి తీసి పదహారో గడి మీద గోరు పెట్టింది. గడి నిండి ఉంది. రెండో కాగితం తీసింది. నిండి ఉంది. పన్నెండూ చూసింది. ఒక్కో చేతికీ వేళ్లు లెక్కపెట్టింది, పెదాలు కదుపుతూ. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. నేను లేచి కట్టేశాను.

నూట డెబ్బయ్యో లైను గురించి అప్పుడు చెప్పాను. ఇంత పొడుగు మాట నేను ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

అంటే నేను గీశాను అంది. గీశావన్నాను. నాకు లెక్క వచ్చు అంది. వచ్చన్నాను.

అప్పుడు మొదలుపెట్టింది. అక్కకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. కాగితాలు నీ దగ్గర పెట్టుకుని నన్ను ముప్పై నాలుగేళ్లు వెర్రిదాన్ని చేశావురా అంది. నేనే మర్చిపోయానేమో, నేనే మర్చిపోయానేమో అని, ఈ రోజుకీ బల్ల మీద గ్లాసులు పెడితే రెండుసార్లు లెక్కపెట్టుకుంటాను తెలుసా అంది. ఆయన నోరు సరే, ఊరందరికీ తెలిసిందే, నీ నోరేమైంది, అరువిచ్చావా ఎవరికైనా అంది. వాడు మంచివాడు, నోట్లో నాలుక లేదు అని అందరికీ చెప్పుకున్నాను, అది మంచితనం కాదురా, బద్ధకం అంది.

పిరికితనం అంటుందనుకున్నాను. బద్ధకం అంది. అదే నిజం.

పేరు సంగతి కూడా చెప్పాను. తెలుసు అంది. నువ్వు కొడుతుంటే వెనకే నిలబడ్డాను, టీ గ్లాసుతో, చెయ్యి కాలుతోంది, వీడు వెనక్కి తిరుగుతాడా లేదా అని చూశాను అంది. తిరగలేదు.

పేరు పెడతావో మానతావో నీ ఇష్టం, వేలు మాత్రం పెట్టు అంది.

కాగితాలు తిరిగి ఇవ్వలేదు. ఇవి నావి అంది.

మార్చి 19, గురువారం

నూట డెబ్బయ్యో లైను తీసేశాను. దాని పైన ఇంకో లైను రాశాను: చదివిన ప్రతి నంబరులోంచి ఒకటి తగ్గించు. అంతే. మూడు నిమిషాల పని. మూడు నిమిషాలు.

నాలుగు వేళ్లు వచ్చాయి. పన్నెండు చేతులకీ చూశాను.

సుత్తి చేతిని బిందె తలకు తగిలించి, పట్టకారు చేయి మీదకు వదిలాను. ఎడమ మీటలతో ఒకణ్ణి, కుడి మీటలతో ఒకణ్ణి నేనే ఆడించాను. ఎడమ చేతి దెబ్బ ఒక గడి ముందే తగులుతోంది. గట్టి దెబ్బ. చాలాసేపు కొట్టించాను.

మొదటి తెర మార్చాను. అక్క పేరు. నా పేరు. బావ పేరు. మెషీన్ ఆయనదే కదా. అబద్ధం ఎందుకు.

పాత ఫ్లాపీ ముట్టుకోలేదు. కొత్తది వేరే. రెండిటికీ చీటీలు అంటించాను. ‘1992లో ఉన్నట్టు’, ‘సరిచేసింది’.

మార్చి 21, శనివారం

ఇచ్చే ముందు చెప్పడం ధర్మమని బావకు ఫోన్ చేశాను. గేములో ఒక తప్పు సరిచేశాను, మీరు ఒకసారి చూడాలి అన్నాను. అబ్బబ్బ, ఆ టెక్నికల్ గొడవలు నాకెందుకోయ్, అవి నీలాంటివాళ్ల పని, నాకు స్పీచ్ తయారుచేసుకోవాలి అన్నాడు. పేర్ల సంగతి కూడా ఉంది అన్నాను. ఆ, నీ పేరు చివర్లో ఎక్కడో థ్యాంక్స్‌లో పెట్టిస్తాలే, సంతోషమేనా అన్నాడు. వేళ్ల గురించి అన్నాను. అవును, వేళ్లే హైలైట్ అని పెట్టేశాడు.

మూడుసార్లు చెప్పబోయాను. రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 23, సోమవారం

మోటార్లు రెండు.

ప్రదర్శన తరఫున ఒకమ్మాయి వచ్చింది, లావు కళ్లజోడు. ఫ్లాపీలు రెండూ ఇచ్చి, ఏది ఏమిటో దాచకుండా చెప్పాను. లెక్క తప్పు, లైను, పేర్లు, అన్నీ. ఆ అమ్మాయి తీగ చుట్ట మీద కూర్చుండిపోయింది. అంటే మూడువేళ్ల రహస్యం ఇదేనా అంది. ఇదే అన్నాను. దీని మీద మావాళ్లు రెండేళ్లుగా కొట్టుకు చస్తున్నారండీ అంది.

పాతది అద్దాల పెట్టెలో పెడతాం, తెర మీద సరిచేసిందే ఆడిస్తాం అంది. మీ బావగారికి తెలుసా అని అడిగింది. ఆయనకు టైమ్ లేదట అన్నాను. మాకూ ఆయన మెయిల్స్‌కి జవాబివ్వడం లేదు అంది. కుర్చీలు ఎన్ని కావాలి అంది.

రెండు అన్నాను. ముందు వరుసల్లో.

మార్చి 28, శనివారం

రేపు షాపు మూత. బోర్డు పెట్టాను. కారణం రాయలేదు.

మార్చి 29, ఆదివారం

బావ మైకు పట్టుకుని, ఈ చేతిలో లేని ఆ ఒక్క వేలు ఎక్కడుందో ఆలోచించండి అన్నాడు. ఆయన వెనక ఇంటి గోడంత తెర. దాని మీద జెట్టి ఎడమ చేయి చాచాడు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. బావ వెనక్కి తిరగలేదు.

మూడో వరుసలో అక్క లేచి నిలబడింది. చేతిలో గళ్ల కాగితం. తెర వైపు వేలు చూపిస్తూ, గొంతు పెంచకుండా లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

వెనకవాళ్లు వినబడలేదన్నారు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి నేనూ లేచాను.